డెబ్బయి, ముప్పయి: షేర్ల బజారులో ఒక అంకె

ఈ మధ్య మన సంఘంలో నలుగురు కుర్రవాళ్లు ఒకచోట చేరితే సినిమా కబుర్లకంటె షేర్ల కబుర్లే ఎక్కువగా వినబడుతున్నవి. ఆ కబుర్లలో రెండు ఇంగ్లీషు మాటలు మాటిమాటికి దొర్లుతుంటవి: ‘ఓవర్‌బాట్’, ‘ఓవర్‌సోల్డ్’. జనం మితిమీరి కొన్నారని మొదటిదానికి అర్థం. మితిమీరి అమ్మినారని రెండవదానికి అర్థం. చేతిలోని ఫోనులో ధరల పటం క్రింద మరొక చిన్న గీత పాము మాదిరి పైకీ క్రిందికీ ప్రాకుతుంటుంది. అది 70 దాటితే ‘ఇక పడుతుంది, అమ్ము’ అంటారు. 30కి దిగువకు పోతే ‘ఇక లేస్తుంది, కొను’ అంటారు. ఆ గీత చూచి ఒకడు కొంటాడు, మరొకడు అమ్ముతాడు. అది దేనిని కొలుస్తున్నదయ్యా అని అడిగితే మాత్రం తిన్నగా జవాబు చెప్పేవారు తక్కువ.

నేను ఆఫీసులో జమాఖర్చులు వ్రాసుకొనేవాడిని. చదువు మెట్రిక్యులేషనుతో సరి. ఐనా ఈ లెక్కకు అంతకు మించిన చదువు అక్కరలేదు. కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలును. ఇంటి సొమ్ము పెట్టేవారు, ఆ సొమ్ము పెట్టే కొడుకులను చూచి గుండె చేతబట్టుకొనే తలిదండ్రులు, ఇరువురూ ఒక్క అరగంట ఓపిక చేసుకొని దీనిని తెలిసికొంటే మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ అంకెకు పేరు రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్. పొడి అక్షరాలలో ఆర్.ఎస్.ఐ. అంటారు. దీనిని కనిపెట్టినవాడు జె. వెల్స్ వైల్డర్ అనే అమెరికా దేశస్థుడు. యంత్రముల ఇంజనీరింగు చదివి, స్థలాల వ్యాపారం చేసి, పిదప సరకుల వాయిదా బేరాలలోనికి దిగినవాడు. 1978లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో ఈ లెక్క ఉన్నది. మన బొంబాయి సెన్సెక్సుకు 100 అని లెక్క మొదలుపెట్టిన మూలసంవత్సరం 1978-79. కనుక ఈ రెండూ ఇంచుమించు ఒక ఈడువే. ఆనాటికి ఇంటింటా కంప్యూటర్లు లేవు. నిన్నటి సగటు ఒకటి, ఈనాటి ధరలోని తేడా ఒకటి, ఈ రెండే చేతిలో ఉంటే ఈనాటి అంకె కాగితంమీద తేల్చుకొనే విధంగా ఆయన దానిని అమర్చినాడు. గుమాస్తాలకు నచ్చే పద్ధతి అది.

పేరు మాత్రం కొంచెం త్రోవ తప్పించేదే. ‘రిలేటివ్’ అన్నారు గనుక ఒక కంపెనీ షేరును మరొక కంపెనీ షేరుతో పోల్చుతున్నారని తోస్తుంది. అదేమీ కాదు. ఒకే షేరు, తాను లేచిన రోజులను తాను పడిన రోజులతో పోల్చుకోవడం, అంతే.

ఇక లెక్క. ఒక షేరు ధర 200 రూపాయలు అనుకోండి. తరువాతి పదునాలుగు రోజులూ బజారు మూసేవేళకు ధరలో వచ్చిన తేడాలు వరుసగా ఇట్లా ఉన్నవి: మూడు రూపాయలు లేచినది, రెండు లేచినది, ఒకటి పడినది, నాలుగు లేచినది, ఒకటి లేచినది, రెండు పడినది, మూడు లేచినది, రెండు లేచినది, ఒకటి పడినది, అయిదు లేచినది, రెండు లేచినది, మూడు పడినది, నాలుగు లేచినది, రెండు లేచినది. లేచినవన్నీ జమ కట్టితే 28 రూపాయలు. పడినవన్నీ ఖర్చు కట్టితే 7 రూపాయలు. షేరు 221 దగ్గర నిలిచినది.

జమను 14 చేత భాగిస్తే సగటు లాభం 2 రూపాయలు. ఖర్చును 14 చేత భాగిస్తే సగటు నష్టం అర్ధ రూపాయి. రెంటిలో మొదటిది రెండవదానికి నాలుగింతలు. ఈ నాలుగుకు ఒకటి కలిపితే అయిదు. నూరును అయిదుచేత భాగిస్తే 20. నూరులోనుంచి 20 తీసివేస్తే 80. ఇదే వైల్డరు సూత్రం, ఇదే ఆర్.ఎస్.ఐ. కొందరికి ఈ భాగహారాలు తలనొప్పి అనిపిస్తే ఇంకొక దగ్గర దారి ఉన్నది. మొత్తం కదలిక 28, 7 కలిసి 35 రూపాయలు. అందులో పైకి నడిచినది 28. అంటే నూటికి 80 పాళ్లు. ఎట్లా చేసినా జవాబు ఒక్కటే.

పదిహేనవ రోజున ఈ షేరు ఒక్కసారిగా 6 రూపాయలు పడినదనుకొందాము. మళ్లీ మొదటినుంచి కూడనక్కరలేదు. పాత సగటు లాభం 2ను 13 చేత గుణించి, ఈనాటి లాభం సున్న గనుక ఏమీ కలపక, 14 చేత భాగించాలి. పాత సగటు నష్టం అర్ధ రూపాయిని 13 చేత గుణించి, ఈనాటి 6 కలిపి, 14 చేత భాగించాలి. క్రొత్త అంకె సుమారు 67న్నర వస్తుంది. నిన్న 80, నేడు 67న్నర. గీత 70 క్రిందికి దిగినది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ఈ అంకె ధర ఎక్కువో తక్కువో చెప్పడం లేదు. కదలిక ఎంత ఏకపక్షంగా ఉన్నదో చెబుతున్నది. ఒక షేరు రోజుకు అయిదు పైసల చొప్పున, ఒక్కరోజు కూడ వెనుకాడక, పదునాలుగు రోజులు లేచినదనుకోండి. మొత్తం లేచినది 70 పైసలు. పడినది ఏమీ లేదు గనుక ఆర్.ఎస్.ఐ. నిండు నూరు! 200 రూపాయల షేరు 200 రూపాయల 70 పైసలైతే జనం మితిమీరి కొన్నారని ఎవరు అనగలరు? కాని అంకె మాత్రం అట్లాగే అరుస్తుంది. కంపెనీకి లాభం వచ్చినదా, అప్పు ఎంత, డివిడెండు ఇచ్చినదా, ఇవేవీ దానికి తెలియవు. బంగారమైనా, మిరపకాయలైనా, మూతబడబోయే మిల్లు షేరైనా దానికి ఒక్కటే. తారీఖు వారీ ధరలు ఇస్తే చాలు, నూటికి ఇన్ని పాళ్లు అని చెప్పి ఊరుకుంటుంది.

మన బొంబాయి బజారు చరిత్రలోనే రెండు కథలు చూడండి. మొదటిది 1992 నాటిది. ఆ సంవత్సరం జనవరి 15న సెన్సెక్సు 2,000 దాటినది. ఫిబ్రవరి 29న 3,000 దాటినది. మార్చి 30న 4,000 దాటినది. అంతకుముందు వెయ్యినుంచి రెండువేలకు ఎక్కడానికి, 1990 జూలైనుంచి లెక్కవేస్తే, ఏడాదిన్నర పట్టినది. ఇప్పుడు ఆరేడు వారాలకు ఒక వెయ్యి, తరువాత నాలుగైదు వారాలకు మరొక వెయ్యి. అంత వేగంగా ఎక్కే బజారులో ఈ అంకె 70 దాటకుండా ఉండడమన్నది జరిగే పని కాదు. దాటినది గదా అని 3,000 దగ్గర అమ్మినవాడు ఏమి చూచినాడు? బజారు ఇంకా ఎక్కి ఏప్రిల్ 22న 4,467 వద్ద నిలవడం చూచినాడు. నేను తెలివితక్కువగా అమ్మినాను అనుకొని 4,200 దగ్గర తిరిగి కొన్నవాడు ఉంటే వాని గతి చెప్పనక్కరలేదు. బ్యాంకుల సెక్యూరిటీల కుంభకోణం పత్రికలలో బయటపడేసరికి, ఏప్రిల్ 28న ఒక్కరోజే సెన్సెక్సు 570 పాయింట్లు కూలినది. ఏడాది తిరిగేసరికి సుమారు సగానికి దిగినది. కూలిన కారణం గీత 70 దాటడం కాదు, బ్యాంకులనుంచి అక్రమంగా వచ్చిన డబ్బు ఆగిపోవడం. గీతకు ఆ డబ్బు సంగతి తెలియదు.

రెండవది అందరికీ జ్ఞాపకమున్నదే. 2020 ఫిబ్రవరిలో కరోనా భయంతో లోకమంతటా బజారులు పడసాగినవి. ఫిబ్రవరి 28 శుక్రవారం సెన్సెక్సు ఒక్కనాడే 1,448 పాయింట్లు పడి 38,297 దగ్గర మూసినది. ఆనాటికి ఆర్.ఎస్.ఐ. 30కి బాగా దిగువన ఉన్నది. పుస్తకం ప్రకారం మితిమీరిన అమ్మకం, కొనవలసిన సమయం. కొన్నవారు కొన్నారు. మార్చి నెలలో చాలా రోజులు ఆ అంకె 30 క్రిందనే కొట్టుమిట్టాడినది, ధర మాత్రం దిగుతూనే పోయినది. మార్చి 23న 3,934 పాయింట్లు పడి సెన్సెక్సు 25,981కి వచ్చినది. ఆ రోజు మధ్యలో పతనం నూటికి పది పాళ్లు కాగానే బేరాలు 45 నిమిషాలు ఆపివేసినారు కూడ. లెక్క వేయండి: శుక్రవారంనాడు లక్ష రూపాయలు పెట్టినవానికి నెల తిరగకముందే 68 వేలు మిగిలినవి. మరునాటి రాత్రే దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించినారు. నవంబరునాటికి బజారు 42,000 దాటిన మాట నిజమే. ఓర్చుకొని కూర్చున్నవాడు బాగుపడినాడు. కాని జీతం ఆగి, ఇంటి అద్దె, పిల్లల ఫీజు తరుముకొస్తూంటే నవంబరుదాకా ఓర్చుకోవడం ఎంతమంది వల్ల అవుతుంది?

మా వీధిలో ఒక కుర్రవాడు ఆ మధ్య ఫోను తెచ్చి చూపించి, “బాబాయిగారూ, ఇది 20కి దిగింది. ఇంకెక్కడికి పోతుందండీ?” అని అడిగినాడు. వాళ్ల నాన్నగారి పదవీ విరమణ సొమ్ములో కొంత అందులో పెట్టాలని వాని ఉద్దేశం. వానికి కాగితంమీద ఈ లెక్క చూపించినాను. ఒక షేరు 300 దగ్గర ఉన్నది. పదునాలుగు రోజులలో మొత్తం 14 రూపాయలు లేచి, 56 రూపాయలు పడినది. ధర 258. కదలిక 70లో పైకి పోయినది 14, అంకె 20. తరువాతి పదునాలుగు రోజులూ సరిగ్గా అదే నడక నడిచినది. అంకె ఎంత? మళ్లీ 20. ధర ఎంత? 216. “అంకె ఎక్కడికీ పోలేదు నాయనా, 42 రూపాయలు మాత్రం పోయినవి” అన్నాను. అంకెకు సున్న అనే నేల ఉన్నది. ధరకు అటువంటి నేల 20 దగ్గర ఎవరూ వేసి పెట్టలేదు. కుర్రవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లినాడు.

ఐతే ఈ అంకె వట్టి బూటకమేనా అంటే, అట్లా అనడం అన్యాయం. దానికి తగిన చోటు ఒకటున్నది. కొన్ని షేర్లు నెలల తరబడి ఎటూ తేలక 180కి, 220కి మధ్య ఊయల ఊగుతుంటవి. తేజీ లేదు, మందీ లేదు. అటువంటి బజారులో 70 దగ్గర ఆగి వెనుకకు తిరగడం, 30 దగ్గర ఆగి పైకి తిరగడం తరచుగా జరుగుతుంది. తెడ్డు నిలకడ నీటిలో పనిచేసినట్లు వరదలో పనిచేయదు గదా! తేజీ బలంగా సాగేటప్పుడు ఈ గీత 40కి దిగువకు దిగడమే అరుదనీ, 80, 90 దాకా ఎక్కుతుందనీ, మందీ బలంగా ఉన్నప్పుడు 60 దాటడమే కష్టమనీ తరువాత వచ్చిన అనుభవజ్ఞులు గమనించినారు. కనుక బజారు ఊయలలో ఉన్నదా, వరదలో ఉన్నదా అన్నది ముందు తేల్చుకోవాలి. వైల్డరు కూడ అదే పుస్తకంలో, నడక ఎంత బలంగా ఉన్నదో కొలిచేందుకు ఏ.డి.ఎక్స్. అనే మరొక లెక్కను విడిగా ఇచ్చినాడు. కుర్రవాళ్లు మొదటి లెక్కను పట్టుకొని రెండవదానిని వదిలివేసినారు. రెండవది కొంచెం పొడుగైన లెక్క కావడమే కారణమని నా ఊహ.

మరొక సంగతి 70, 30 కంటె విలువైనదని నాకు తోస్తుంది. ఒక షేరు 240కి ఎక్కినప్పుడు అంకె 78 ఉన్నది. కొద్దిగా దిగి, మళ్లీ లేచి 246 అయినది. ధర క్రొత్త శిఖరం ఎక్కినది. అంకె మాత్రం 69 దగ్గరే ఆగినది. అంటే పైకి పోతున్నది గాని మునుపటి ఊపు లేదు, ఆయాసపడుతూ ఎక్కుతున్నది. ధరకూ అంకెకూ కుదిరిన ఈ వైరుధ్యాన్ని వైల్డరు ముఖ్యమైన సూచనగా ఎంచినాడు. దిగేటప్పుడు దీనికి తలక్రిందులు: ధర క్రొత్త పాతాళానికి పోతుంది, అంకె మాత్రం మునుపటంత దిగదు. ఇది కూడ తప్పిపోవచ్చు. కాని వట్టి 70 చూచి పరుగెత్తడంకంటె ఇందులో ఆలోచన ఉన్నది.

ఒక మంచి కంపెనీని దాని జమాఖర్చులు చూచి, డివిడెండు చూచి, కొనాలని ముందే నిశ్చయించుకొన్నవానికి ఈ అంకె కొంత ఉపయోగం. అది 85 మీద ఉన్ననాడు ఎగబడి మొత్తం సొమ్ము పోయకుండా, నాలుగు వారాలలో నాలుగు భాగాలుగా కొనుక్కోవచ్చు. నెలనెలా ఇంత అని మ్యూచువల్ ఫండులో కట్టే మన అక్కచెల్లెళ్లకు దీనితో పనే లేదు. వారు గీతవైపు చూడకపోతేనే క్షేమం.

ప్రమాదమంతా ఇంకొకచోట ఉన్నది. చిన్నచిన్న కంపెనీల షేర్లకు రోజుకు ఇంతకంటె ఎక్కువ లేవరాదు, పడరాదు అని హద్దులుంటవి; సర్క్యూట్లంటారు. నలుగురు కూడబలుక్కొని అటువంటి షేరును రోజూ పై హద్దుకు తాకిస్తూ పోతే ఆర్.ఎస్.ఐ. 95 చూపిస్తుంది. ‘బలమైన షేరు’ అని ప్రచారం వస్తుంది. వారు అమ్ముకొని తప్పుకొన్న మరునాటినుంచి అది రోజూ క్రింది హద్దుకు తాకుతుంది. అప్పుడు అంకె 10 చూపించినా, 5 చూపించినా, అమ్మబోతే కొనేవాడు ఉండడు.

రెండవ ప్రమాదం ఆప్షన్ల బేరం. పదునాలుగు రోజుల లెక్కను కుర్రవాళ్లు పదునాలుగు అయిదేసి నిమిషాల లెక్కగా మార్చి, గంటకు మూడుసార్లు కొని అమ్ముతున్నారు. గీత అంత పొట్టి కాలంమీద గీస్తే అది ఊరికే అదురుతుంది. 70, 30 రోజుకు ఎన్నిసార్లైనా తాకుతుంది. తాకినప్పుడల్లా దలాలీ, పన్ను కట్టవలసిందే. సెబీవారు 2024 సెప్టెంబరులో ఒక లెక్క ప్రకటించినారు. 2021-22 మొదలు 2023-24 వరకు మూడేండ్లలో షేర్ల ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరం చేసిన వ్యక్తులు కోటికి పైగా ఉన్నారు. వారిలో నూటికి 93 మంది నష్టపోయినారు. అందరి నష్టమూ కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. ఈ 93 మందిలో చాలామంది ఫోన్లలో ఈ గీత ఉండే ఉంటుందని నేను అనుకొంటున్నాను. గీత ఉన్నందువల్ల నష్టం ఆగలేదు గదా.

చేతితో లెక్క వేసి చూడాలని సరదా ఉన్నవారికి రెండు మాటలు. ఒక రూళ్ల పుస్తకం తీసికొని తారీఖు, ముగింపు ధర, లేచినది, పడినది, సగటు లాభం, సగటు నష్టం, అంకె అని ఏడు గడులు గీసుకోండి. పదునాలుగు తేడాలు కావాలంటే పదిహేను రోజుల ధరలు కావాలి, ఇది మరవకండి. మధ్యలో కంపెనీ ఒకటికి ఒకటి బోనసు షేరు ఇస్తే 400 రూపాయల షేరు మరునాడు 200 దగ్గర మొదలవుతుంది. ఎవరికీ నష్టం లేదు, ఒకటి రెండైనది. కాని పాత ధరలను సగం చేసి దిద్దుకోకపోతే మీ పుస్తకంలో 200 రూపాయల పతనం కనబడి అంకె పాతాళానికి పోతుంది.

మీ అంకె 62 వచ్చి, ఫోనులో 58 కనబడితే కంగారు పడకండి. ఇద్దరి ఫోన్లలో ఒకే షేరుకు రెండు అంకెలు కనబడిన సందర్భాలూ ఉన్నవి. ఈ లెక్కలో పాత సగటు ఎప్పటికీ పూర్తిగా చెరిగిపోదు. రోజుకు పదునాలుగింట ఒక పాలు చొప్పున పలచబడుతూ వస్తుంది. మీరు పదిహేను రోజుల క్రిందట మొదలుపెట్టినారు, ఫోనువారు రెండేండ్ల క్రిందట మొదలుపెట్టి ఉంటారు. క్రిందటి పేజీనుంచి ముందుకు తెచ్చిన నిల్వ వేరైతే ఈ పేజీ అడుగున మొత్తం వేరుగానే వస్తుంది. మీ పుస్తకంలో ఒక నూరు రోజులు విడవకుండా వ్రాయండి. ఆ రెండు అంకెలూ వాటంతట అవే దగ్గరకు వస్తవి.